పిట్టలు లేవని నేను పోట్లాడిన అడవి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లోవాళ్లనడిగినా, బొగ్గుబాయిలో నాతో పనిచేసినవాళ్లనడిగినా ఇదే మాట చెబుతారు. అలాంటి నన్ను భరించి ఆదివారం ఆదివారం అడవికి వెంటబెట్టుకుపోయిన ముగ్గురి గురించి రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఖమ్మం వచ్చి ఖానాపురం హవేలిలో స్థిరపడ్డాక కూడా వాళ్లు గుర్తురాని ఆదివారం లేదు.

ఎనభైల్లో ఇల్లందు బొగ్గుబాయిలో నేను డ్రిల్లర్‌ని. బొగ్గు గోడకు మెషిన్‌తో బెజ్జాలు వేయడం నా పని. వాటిలో మందు కూరి పేల్చేవాళ్లు. షిఫ్టు అయిపోయి పైకొచ్చాక కూడా చాలాసేపు చెవుల్లో ఆ మోతే తిరుగుతుండేది.

మా వీధిలో ఒక హైస్కూలు సారు ఉండేవాడు. ఆయనకు పిట్టలంటే పిచ్చి. పాత బైనాక్యులర్ ఒకటి సంపాదించి, కనిపించిన ప్రతివాణ్నీ అడవికి రమ్మనేవాడు. ఆయన మాట విని వెళ్లినవాళ్లం ముగ్గురమే: నేను, బాయి దవాఖానాలో పనిచేసే నర్సమ్మ, సైకిల్ షాపు నడిపే ఆమె భర్త. నర్సమ్మది ములకలపల్లి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆమెను చెల్లె అని పిలిచేవాణ్ని, అందుకని ఆయన నాకు బావ అయ్యాడు.

గుండాల వైపు పోయే మొదటి బస్సెక్కి, అడవి మొదలయ్యే చోట దిగి, బండ్ల బాట పట్టుకుని వాగు దాకా నడిచేవాళ్లం. తిరుగు బస్సులో జనం మా సంచుల వంక చూసి, ఏం పడ్డయని అడిగేవాళ్లు. ఏమీ పడలేదు, చూసి వస్తున్నాం అంటే నమ్మేవాళ్లు కాదు. కూర వండుకోని పిట్ట కోసం టికెట్ పెట్టుకుని ఇంత దూరం ఎవరొస్తారని ఒక ముసలాయన మమ్మల్ని గట్టిగానే నిలదీశాడు. ఆ మాటకు బావ బస్సు దిగేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

వాగు ఒడ్డున సారు పెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. వెళ్లగానే అందరం కళ్లు మూసుకుని నిలబడాలి. మాట్లాడకూడదు. పిట్ట కూత ఎటు నుంచి వినబడితే అటు వేలు చూపాలి. సారు చిటికె వేయగానే కళ్లు తెరవాలి. వేళ్లన్నీ ఒకచోట కలిస్తే అక్కడ పిట్ట ఉన్నట్టే, ఇక బైనాక్యులర్ చేతులు మారేది. వేలు కలవనివాళ్లు ఆ పూట అందరి టిఫిన్ డబ్బాలూ మోయాలి. మొదట్లో నేను డబ్బాలు మోసింది తక్కువే.

కొన్నేళ్లు గడిచాక అడవి సద్దుమణిగినట్టు అనిపించసాగింది. నెమలి అరుపు వినబడేది, జెముడుకాకి వినబడేది. చిన్న పిట్టలు మాత్రం మాయమయ్యాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కలప లారీలను తిట్టాను, చెట్లు కొట్టేవాళ్లను తిట్టాను, రేంజరు దగ్గరికి వెళ్లి అడుగుదాం పదమని సారు మీద పడ్డాను. ఇంకా వేళ్లు చూపుతున్న ముగ్గురినీ చూస్తే మరీ కోపం వచ్చేది. లేని పిట్టల్ని ఊహించుకుంటున్నారని వాళ్లతో పోట్లాడేవాణ్ని. సారు నా మొహం వంక ఒకలా చూసి, ఇది సీజన్ కాదేమోలే అని ఊరుకునేవాడు. వారం వారం డబ్బాలు నేనే మోశాను.

ఒక ఆదివారం మోదుగలు విరగబూసి ఉన్నాయి. చిటికె విని కళ్లు తెరిచేసరికి ముగ్గురి వేళ్లూ మోదుగ చిటారు కొమ్మ మీదకే ఉన్నాయి. కూడబలుక్కుని నన్ను ఆటపట్టిస్తున్నారని నవ్వాను. చెల్లె నవ్వలేదు. బైనాక్యులర్ నా చేతికిచ్చింది.

కొమ్మ చివర తేనెపిట్ట. ఎండలో నీలంగా మెరుస్తోంది. ముక్కు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గొంతు వణుకుతోంది, ఒళ్లంతా అదురుతోంది. చప్పుడు మాత్రం లేదు. నేను బైనాక్యులర్ దించి, అద్దాలు తువ్వాలుతో తుడిచి మళ్లీ చూశాను. అద్దాలు తుడిస్తే కూత వినబడదని అప్పుడు నాకు తట్టలేదు.

"చెల్లె, అది కూస్తాందా?" అని అడిగాను.

"కూస్తాంది అన్నా. ఆగకుంట కూస్తాంది."

ఆమె నా దగ్గరికొచ్చి, నాకు వినబడేంత గట్టిగా అడిగింది. "రేపు బాయిల పైకప్పు తట్టితే, గట్టిగుందో డొల్లగుందో నీకెట్ల తెలుస్తది?"

బాయిలో పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పు తట్టి చూస్తాం. గట్టిగా మోగితే భయం లేదు. డొల్లగా మోగితే ఆ రాయి ఎప్పుడైనా మీద పడొచ్చు. ఆ కప్పు కింద నేనొక్కణ్నే కాదు, నా జతగాడు కూడా నిలబడతాడు. కొన్ని నెలలుగా ఆ రెండు మోతలకూ తేడా తెలియక, అంతటా గట్టిగానే ఉందనుకుంటున్నాను. అదే నమ్మి ఇన్నాళ్లూ హాయిగా పనిచేసుకుంటున్నాను.

అయినా ఆమె మీదే అరిచాను. డాక్టరు పనికిరాడని రాస్తే ఇద్దరు పిల్లల చదువు నువ్వు చూస్తావా అన్నాను. బస్సులో వాళ్లకు దూరంగా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరబోతే, నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా చెల్లె మా గడప మీద కూర్చుని ఉంది. పక్కనే సైకిల్ పట్టుకుని బావ.

"బాయిల దిగినోడు మళ్ల పైకి రావాలె గద అన్నా," అంది. "ఉద్యోగం సంగతి తర్వాత కొట్లాడుదం. ముందు దవాఖానకు నడువు. లేకుంటే నన్ను దాటుకుని పో."

ఎలా దాటుతాను? వెనక్కి వచ్చి మంచం మీద కూలబడి ఏడ్చాను. మా ఆవిడ కూడా ఏడ్చింది. నాతో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందని ఆమెకు ఎప్పటినుంచో తెలుసట. బావ సైకిల్ వెనక కూర్చుని దవాఖానాకు వెళ్లాను.

మెషిన్ మోతకు రెండు చెవులూ దెబ్బతిన్నాయని, సన్నని శబ్దాలు ఇక తిరిగిరావని డాక్టరు చెప్పాడు. డ్రిల్లు పట్టొద్దన్నాడు. ఆ తర్వాత సారు అర్జీల మీద అర్జీలు రాశాడు. వాటిని పట్టుకుని బావ నన్ను సైకిల్ మీద ఆఫీసుల చుట్టూ తిప్పాడు. చివరికి బాయి దిగేవాళ్లకు లైట్లిచ్చే లాంప్ రూంలో, పైనే ఉండి చేసే సర్ఫేస్ డ్యూటీ ఇచ్చారు. జీతం తగ్గింది. ఇంటికి మనిషి వస్తున్నాడు, అది చాలంది మా ఆవిడ.

కానీ ఆదివారాలు మానేశాను. వినేవాళ్ల మధ్య చెవిటివాడికేం పని? రెండు మూడు వారాలు చూసి సారు ఇంటికే వచ్చాడు. నేను వాదించబోతే వినకుండా చొక్కా తెచ్చి చేతిలో పెట్టి, బస్సు టైమవుతోందన్నాడు.

వాగు ఒడ్డున ఎప్పటిలాగే అందరూ కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నా వరకు అంతా నిశ్శబ్దం. ఎందుకొచ్చానురా అని నన్ను నేను తిట్టుకుంటుండగా ఎవరిదో చేయి నా భుజం మీద పడింది. గ్రీజు వాసనను బట్టి బావ అని తెలిసింది. ఆయన వేలు నా భుజం మీద టక టక టక అని కొట్టి ఆగింది. మళ్లీ టక టక టక. ఏమిటిది అనుకుంటుండగానే అర్థమైంది. పొదలో ఎక్కడో దర్జీ పిట్ట కూస్తోంది. దాని కూత ఎలా ఉంటే అలా, ఒక్కటి కూడా పోనీయకుండా, నాకు అందిస్తున్నాడు.

మోదుగ కొమ్మ మీది ఆ తేనెపిట్ట రుణం ఎలా తీర్చుకోవాలో తెలియదు గానీ, ఈ ముగ్గురి రుణం మాత్రం ఈ జన్మలో తీరదనిపించింది. ఇప్పటికీ అదే మాట అంటాను.

ఆ తర్వాత మేం అడవికి వెళ్లినన్నాళ్లూ, ఎవరు పక్కనుంటే వాళ్ల చేయి నా భుజం మీద ఉండేది. పిట్ట ఆగితే వేలు ఆగేది. మళ్లీ మొదలయ్యేదాకా నేను కదలకుండా నిలబడేవాణ్ని.