అద్దం మీద మూడో దెబ్బ

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేదంటే దాచాలని కాదు. నాకు రాయడం రాక. యాభై తొమ్మిదో ఏట మా చర్చిలో సాయంత్రం బడి పెడితే అక్కడ పలక పట్టాను. గుణింతాలు దాటడానికే ఏడాది పట్టింది. నోటితో చెబితే జనం నవ్వి ఇంకో మాటలోకి పోతారు. రాస్తే కడదాకా చదువుతారేమోనని ఆశ. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు.

అప్పుడు మేము జమ్మలమడుగులో ఒక రెడ్డి ఇంట్లో పని చేసేవాళ్లం. నేను వంట, నా పేరు దీనమ్మ. మా ఆయన ఏసోబు జీపు తోలేవాడు. ఆ రోజుల్లో రెడ్డి జీపు తోలడమంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున పోయిన మనిషి తిరిగొచ్చి గేటు దగ్గర హారన్ కొట్టేదాకా నేను కంచం ముందు కూర్చునేదాన్ని కాదు. ఏసోబుకు ముందు ఆ జీపు తోలినవాడు ఓబులేసు. ముందు ఏడాది వానల్లో ముద్దనూరు దారిలో ఎదుటి వర్గంవాళ్లు బాంబులేసి చంపారు. రెడ్డి ఉన్నాడనుకున్నారు. ఆ పూట జీపులో ఓబులేసు ఒక్కడే ఉన్నాడు.

ఆ ఇంటి హాల్లో పెద్ద అద్దాల తొట్టి ఉండేది. మనిషి కాళ్లు చాచుకుని పడుకోవచ్చు, అంత పొడుగు. అందులో మూడు చేపలు. పైన తిరిగేది మద్రాసు నుంచి తెచ్చింది... వెండి రంగు, వేటకొడవలి ఆకారం. అడుగున పడుకునేది మీసాల నల్లది, తోక మాత్రం ఎర్రన. మూడోది మైలవరం డ్యాములో పట్టిన కొరమీను. వెనక మూల నిలబెట్టిన కడప బండ చాటున ఉండేది. మూడూ మాంసం తినేవే. మూడూ మూరెడు పైనే ఉంటాయి.

నెలకోసారి ప్రొద్దుటూరు నుంచి మస్తాన్ భాయ్ వచ్చి తొట్టి కడిగేవాడు.

"నోట్లో పట్టే సైజుది పక్కన పెడితే అది చుట్టం గాదు రెడ్డీ, కూడు" అనేవాడు. "మూడూ సరిసమానంగా ఉండాల. ఇంగోటి... ఈ మూల నాది అని దేనికీ అనిపియ్యగూడదు."

అందుకే వచ్చినప్పుడల్లా లోపలి బండలన్నీ జరిపి వేరే తీరులో పెట్టేవాడు. పాత జాగా కనపడకపోతే పాత కొట్లాట మరిచిపోతాయట. రెడ్డి పడీపడీ నవ్వేవాడు.

"మన ఊర్లను గూడా ఇట్ల జరిపి పెట్టేటోడు ఉంటే బాగుండు గదా భాయ్!"

బతికున్నన్నాళ్లూ వాటికి మేత వేసేది ఓబులేసే. వేలికున్న రాగి ఉంగరంతో అద్దం కుడి మూల కొట్టేవాడు. టక్ టక్... టక్. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. అంతే. మూడూ ఆ మూలకు వచ్చి పక్కపక్కన నిలబడేవి. ఒకదాన్నొకటి ముట్టేవి కావు. వాడు పోయాక నేను గరిటెతో కొట్టి చూశాను. ఏసోబు తాళంచెవితో కొట్టాడు. ఒక్కటీ కదలలేదు. ఇక మూత తీసి ముక్కలు పడేసేవాళ్లం, దేని జాగాలో అది తినేది. ఓబులేసు ఉంగరం వేలి నుంచి రాకపోతే దాంతోనే పూడ్చారు.

ఎలక్షన్లు దగ్గర పడిన రోజులు. రెడ్డి పులివెందులలో పెళ్లికి పోయాడు, ఏసోబు తీసుకుపోయాడు. రెడ్డి భార్య పుట్టింట్లో ఉంది. గేటు దగ్గర ముసలి వాచ్‌మన్, లోపల నేను. దీపాలు పెట్టే వేళ ఒకతను స్కూటర్ మీద వచ్చాడు. ఎప్పుడూ చూడని మనిషి. మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు.

"పొద్దుటూరు నుంచి రెడ్డి బావమరిది పంపినాడు. రెడ్డి ఫోను జేస్తే సదివి చెప్పు. సదువొచ్చునా నీకు?"

"రాకేమప్పా!" అన్నాను.

ఎందుకన్నానో... నన్ను కింది నుంచి పైకి చూశాడే, ఆ చూపుకు అన్నాను. మా అవ్వ మిషన్ దొరసాని దగ్గర చదువుకుందని మా ఇంట్లో గొప్ప. నేను మేకల వెంట పోయినదాన్ని. వాచ్‌మన్‌కూ చదువు రాదు. ఫోను తొట్టి పక్కనే కాబట్టి కాగితం తొట్టి మూత మీద పెట్టాను.

తొమ్మిది దాటాక కరెంటు పోయింది.

తొట్టిలో గాలి మోటారు ఆగింది. ఆ బుడబుడ రాత్రీ పగలూ వినపడేదే... ఆగాక గానీ అంత చప్పుడు ఉండేదని తెలియలేదు. కిరసనాయిలు బుడ్డి వెలిగించాను.

అప్పుడు...

టక్ టక్...

టక్.

వాచ్‌మన్ ఏమో అనుకున్నాను. కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర మంచం మీద గుర్రు పెడుతున్నాడు. "ఎవరప్పా?" అన్నాను. 

మళ్లీ. టక్ టక్... టక్. కుడి మూల.

బుడ్డి ఎత్తి పట్టుకుని పోయాను. ఒక్కో అడుగు... ప్రభువా, ప్రభువా అనుకుంటూ...

మూడు చేపలూ కుడి మూలలో ఉన్నాయి. పైన తిరిగేది కిందికి దిగింది. అడుగున పడుకునేది పైకి లేచింది. కొరమీను బండ చాటు వదిలి వచ్చింది. మూడూ ఒకే ఎత్తున, పక్కపక్కన. మొప్పలు మూడింటివీ ఒక్కసారే తెరుచుకుంటున్నాయి... మూసుకుంటున్నాయి... అవి నన్ను చూడడం లేదు. నా పక్కన, కొంచెం పైకి చూస్తున్నాయి. అక్కడ ఒక మనిషి నిలబడితే ముఖం ఉండేంత ఎత్తున.

ఓబులేసు నాకంటే జానెడు పొడుగు.

నేను తల తిప్పలేదు. కుడి భుజం చల్లబడింది. తడిసిన రాగి చెంబు వాసన వచ్చింది... ఇంట్లో అప్పటికి అన్నీ స్టీలువే.

ఫోను మోగింది. వెండి చేప ఉలిక్కిపడి ఎగిరి మూతను గుద్దింది. నీళ్లు చింది కాగితం మీద పడ్డాయి.

"ఏం మే, నిద్రపోతాండావా?" ఏసోబు. వెనక పెళ్లి మేళం. "బయల్దేరతాండాం. కబురేమన్నా వచ్చిందేమో అడగమన్నాడు రెడ్డి."

"కాగితం వచ్చింది. సదువొచ్చని అబద్ధం జెప్పి తీసుకున్యా. ఇప్పుడది తడిసిపాయ."

"నీకు రోషమెక్కువ, బుద్ధి తక్కువ! సరేలే, ముద్దనూరు మింద వస్తాండాం. తలుపు తీసిపెట్టు."

అద్దం మీద టక్ టక్.

రెండే. మూడోదాని కోసం ఊపిరి బిగబట్టి ఆగాను... ఆగాను... పడలేదు.

"రావద్దు" అన్నాను. "ఆడనే పండుకోండి. చుట్టుదావన వీరపునాయునిపల్లె మింద గూడా వద్దు. ఏ దావన్నా వద్దు."

"ఏమైంది మే నీకు?"

"ఓబులేసు వచ్చినాడు."

 ఏసోబు గొంతు తగ్గించాడు. "రెడ్డికి ఏమని జెప్పాల?"

"రావద్దని కాగితంలో రాసిండాదని జెప్పు."

అది ఆ రోజు నా రెండో అబద్ధం. ఫోను పెట్టి చూసేసరికి మూడు చేపలూ వాటి జాగాల్లో ఉన్నాయి. తెల్లారేదాకా వంటింట్లో మోకాళ్ల మీద ఉన్నాను.

పొద్దున పాలతను వచ్చి, ముద్దనూరు దారిలో కల్వర్టు దగ్గర రాత్రి రోడ్డుకడ్డంగా రాళ్లు పెట్టి ఉన్నాయన్నాడు. రోడ్డు పనోళ్లు వదిలేసినవేలే అన్నాడు వాచ్‌మన్. అక్కడ రోడ్డు పని జరుగుతున్న మాటా నిజమే. ఎనిమిదికి హారన్ వినపడింది. ఏసోబు దిగి నన్ను చూశాడు... చూసి, జీపు తుడవడం మొదలుపెట్టాడు. రెడ్డి నేరుగా వెళ్లి ప్రొద్దుటూరుకు ఫోను చేశాడు. విన్నాడు. పెట్టేశాడు.

"మా బావమరిది ఏ కాగితమూ పంపలేదంట" అన్నాడు. "రావద్దనే రాసినారా దాంట్లో, దీనమ్మా?"

"అవునయ్యా" అన్నాను. మూడోది.

తడి కాగితం కొంగులో పెట్టుకుని పాస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. అంతా నీలం మరక.

"ఒక్క అక్షరమే మిగిలిండాది. 'వ'."

"వద్దు అనేనా అమ్మా?"

"కావొచ్చు. వచ్చేయ్ అని గూడా కావొచ్చు. రెండిటికీ మొదలు ఇదే గదా."

ఆ అక్షరం రాయడం చూపించమన్నాను. నా వేలు పట్టుకుని పిండి మీద దిద్దించింది. నేను నేర్చిన మొదటి అక్షరం అది. రెండోది నేర్చుకోవడానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో నాకు తెలుసు... ఆ 'వ' తర్వాత ఏముందో తెలిసిపోతుందని భయపడ్డాను.

తిరిగొచ్చేసరికి హాల్లో ఎవరూ లేరు. వేలు తడి చేసుకుని అద్దం కుడి మూల 'వ' రాశాను. గరిటె తీసుకుని కొట్టాను. టక్ టక్...

బండ వెనక నుంచి కొరమీను తల బయటికి పెట్టింది.

ఎవరు వస్తారోనని మూడోది కొట్టలేదు. గరిటె కడుక్కుని, ఏసోబుకు అన్నం పెట్టడానికి పోయాను.