తడి రుమాలు

బర్మింగ్‌హామ్ బస్సులో పొద్దున్నే నా పక్కన ఒకతను కూర్చున్నాడు. వంటింటి గట్లకు రాయి కోసే పనట. కోటు నిండా నిన్నటి పొడి, మెడలో తడి రుమాలు. ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే ఉండబట్టలేక అడిగాను.

"మాస్కు ఇవ్వలేదా నాయనా?"

"ఇచ్చారాంటీ. పెడితే ఊపిరాడి చావదు. మనూళ్ళోలాగా ఈ తడిగుడ్డ చాలు. పదేళ్ళ నుంచి ఇంతే, నాకేమైంది?"

"మా ఆయనా అదే కట్టేవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి చనిపోయాడు."

అతను బెల్లు నొక్కి లేచాడు. "అంకుల్ ఎన్నేళ్ళు కోశారాంటీ?"

"ఎనిమిది."

తలుపు తెరుచుకుంది. అతను దిగలేదు, మళ్ళీ కూలబడ్డాడు. మర్నాడు పనికి పోయాడో మానాడో తెలియదు. ఆ స్టాప్ వస్తే ఇప్పటికీ సీట్లో కుదురుండదు నాకు.