అత్తయ్య అందించిన పద్యం

మామయ్య పేరిట జరిగే నాటక సభకు రమ్మని మొన్న వాట్సాప్‌లో ఆహ్వానం వస్తే, కిరీటం పెట్టుకున్న ఆయన ఫొటో, కింద బిరుదులు చూస్తూ ఉండగా నాకు ఆయన కన్నా ముందు మా మేనత్త గుర్తుకొచ్చింది.

మామయ్య కృష్ణుడి వేషం కడితే పొగాకు పనులు వదిలేసి, బండ్లు కట్టుకుని జనం వచ్చేవారని మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆయన పద్యం మరిచిపోతే అందించడానికి ముప్పయ్యేళ్ళ పాటు తెర వెనక పుస్తకం పట్టుకుని కూర్చున్నది మాత్రం అత్తయ్య.

తొంభైల చివర్లో ఆయన పోయాక, అద్దంకిలోని పెంకుటింటిని మిర్చి గోడౌనుకు ఇద్దామని మరుదులు వచ్చారు. అత్తయ్య గడపలోనే నిలబడి, "ఆయన పాడిన ఇంట్లో మిరపకాయలు పోస్తే ఇక వచ్చినోళ్ళంతా తుమ్ముకుంటా పోవటమేగా. నేను బతికుండగా కుదరదు, పోండయ్యా" అంది. నవ్వాలో వద్దో తెలియక వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత ముందుగదిలో ఆయన కిరీటం, హార్మోనియం అమర్చి, పద్యాలు నేర్చుకునేవాళ్ళు ఆదివారం పొద్దున రావచ్చని ఊళ్ళో చెప్పించింది. వచ్చినవాళ్ళకు ఆయన క్యాసెట్లు వేసి వినిపించేదే గానీ తను నోరు విప్పేది కాదు. ఒక వానాకాలం ఇల్లు కురిసి క్యాసెట్లన్నీ బూజు పట్టాయి. గుంటూరు కాలేజీలో కొత్తగా పాఠాలు చెబుతున్న నేను సెలవు పెట్టి వెళ్ళి టేపులు ఆరబెట్టాను గానీ, గరగర తప్ప గొంతు రాలేదు. అత్తయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మూడోనాడు ఆదివారం. బజార్లో బట్టలు కుట్టే ఒకాయన పద్యం మధ్యలో తడబడి ఆగిపోతే, వంటగదిలోంచి అత్తయ్య అందుకుంది. సన్నని గొంతు, సాగదీసే రాగం లేదు, ఎదుటి మనిషితో మాట్లాడుతున్నట్టే ఉంది.

అతను చేతులు జోడించి, "అయ్యగారు ఇట్టా పాడేవారు కాదమ్మా. కానీ ఈ పద్యం నాకు ఇయ్యాలే అర్థమయింది" అన్నాడు.

అత్తయ్య మొహం ఎర్రబడింది. "పిచ్చిమాటలు మాట్లాడబాకయ్యా. ఇది ఆయనదే" అంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఆమే పాడి నేర్పింది.

ఆమె పోయిన ఏడాదికే ఇల్లు పడగొట్టారు. వద్దనడానికి నాకు హక్కూ లేదు, ఆమెకున్న పట్టుదలా లేదు. ఇప్పుడు ఆ వైపు నాటకాల్లో చాలామంది పద్యాన్ని మాటలా మెల్లగా చెబుతున్నారు, దానికి మామయ్య బాణీ అని పేరు. రాగాల కోసం వన్స్‌మోర్‌లు కొట్టిన మన తరం తగ్గిపోయింది, తేడా చెప్పగలిగినవాళ్ళూ తగ్గిపోయారు. నేను చెప్పవచ్చు. చెబితే అత్తయ్యే ఒప్పుకోదేమోనని ఊరుకుంటున్నాను.