చిన్నమ్మకు తోడు పడుకోవడం

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మనుబోలులో మాది మందుల షాపు. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని, అప్పటికీ జ్వరం తగ్గక మా దగ్గరికి వచ్చిన వాళ్లను ఎంతమందిని చూశానో. వాళ్లను కోప్పడి డాక్టరు దగ్గరికి తోలిన నోరు నాది. అందుకే ఈ సంగతి బయటికి చెప్పడానికి ఇన్నాళ్లు సిగ్గుపడ్డాను.

నా భయం వేరే. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక నిద్ర పట్టడం లేదంటే డాక్టరు పది రోజులకని నిద్రమాత్రలు రాశారు. ఆ పది రోజులు మూడేళ్లయ్యాయి. బయటివాళ్లకైతే డాక్టరు చీటీ లేకుండా ఇవ్వం. కౌంటరు వెనక కూర్చున్న మనిషిని చీటీ అడిగేదెవరు? మా ఆయన ఒకటి రెండుసార్లు అడిగారు. కసిరేసరికి ఊరుకున్నారు.

ఒకరోజు పొద్దున ఐదేళ్ల పిల్లకు జ్వరం సిరప్ ఇవ్వాల్సింది చంటిపిల్లల చుక్కల మందు ఇచ్చాను. చుక్కల మందు చాలా గాఢంగా ఉంటుంది. చెంచాతో పోస్తే ప్రమాదం. ఆ తల్లి అట్ట మీద చదివి, "అక్కా, ఇది చుక్కల మందు గదా" అని వెనక్కి ఇచ్చింది. రాత్రి వేసుకున్న మాత్ర మత్తు నాకింకా దిగలేదు. ఇంకోసారి ఇలా జరిగితే నేను ఆ కౌంటరు వెనక నిలబడకూడదని తేల్చుకున్నాను.

నెల్లూరులో డాక్టరు గారికి అంతా దాచకుండా చెప్పాను. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని ఆయన గట్టిగా హెచ్చరించారు. ముందు ముప్పావు, తర్వాత సగం, తర్వాత పావు, ఒక్కో మెట్టూ కొన్ని వారాలు. మొత్తం ఏడు నెలలు పట్టింది. పావు ముక్కలు కోసేటప్పుడు కింద రాలిన పొడిని కూడా వేలితో అద్దుకుని నాకిన రోజులున్నాయి. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

మాత్ర తగ్గేకొద్దీ తెలిసిందేమంటే, నన్ను తినేస్తున్నది నిద్ర లేకపోవడం కాదు, నిద్ర పట్టదేమోనన్న భయం. సాయంత్రం షాపులో లైట్లు వేస్తుంటేనే అరచేతుల్లో చెమటలు పట్టేవి. పరుపు కనపడితే గుండె దడ. పడుకున్నాక ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో లెక్కపెట్టడం, ఆ లెక్కకే ఉన్న కాస్త కునుకూ ఎగిరిపోవడం. పావు ముక్క కూడా ఆపేసిన వారంలో ఏ రాత్రీ రెండు గంటలకు మించి నిద్రపోయిన గుర్తు లేదు. మళ్లీ మొదలుపెడదామా అని రోజుకు పదిసార్లు అనిపించేది.

సరిగ్గా అప్పుడే తోటపల్లి గూడూరు దగ్గర ఉన్న మా చిన్నమ్మ నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మకు చెల్లెలు. చిన్నాయన పోయి నెల కాలేదు. కూతురు బిట్రగుంటలో ఉంటుంది, నెలలు నిండిన మనిషి, వచ్చి ఉండే వీలు లేదు. ఆ ఇంట్లో ఒక్కతే పడుకోలేకపోతున్నానని, రెండు రోజులు తోడు పడుకోవడానికి రమ్మని చిన్నమ్మ అడిగింది.

"నాకే నిద్ర పట్టదు చిన్నమ్మా. నీకేం తోడు పడుకుంటాను?" అన్నాను.

"పట్టకుంటే ఇంకా మేలే గదమ్మే. నువ్వు మేలుకోనుండు, నేను పండుకుంటా," అంది.

నాకు నవ్వొచ్చింది. మేలుకుని ఉండటమే పనిగా నన్ను ఎవరైనా పిలవడం అదే మొదటిసారి. మాత్రలు సంచిలో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. చివరికి మా ఆయన చేతికిచ్చి బస్సెక్కాను. "దొంగలొస్తే నువ్వే పట్టుకుంటావులే," అని ఆయన ఎగతాళి చేశారు కానీ, ఆ అట్ట జేబులో పెట్టుకునేటప్పుడు ఆయన మొహంలో సంతోషం నాకు కనపడింది.

నేను చేరేసరికి చీకటి పడింది. చిన్నాయన రొయ్యల గుంటలు ఇంటి వెనక ఉంటాయి. పెద్దకర్మ రోజున కూడా నేను ముందు షామియానా దగ్గరే ఉన్నాను, వెనక్కి వెళ్లలేదు. అంతకుముందు ఎప్పుడొచ్చినా పగలొచ్చి సాయంత్రానికి వెళ్లిపోవడమే. ఆ ఇంట్లో రాత్రి ఉండటం అదే మొదలు. తర్వాత జరిగిన దాన్ని బట్టి ఈ వివరాలన్నీ ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను, అందుకే రాస్తున్నాను.

మొదటి రాత్రి చిన్నమ్మ మంచం మీద, నేను కింద చాప మీద. ఆమె పది నిమిషాల్లో నిద్రపోయింది. నేను తెల్లవార్లూ మేలుకునే ఉన్నాను. వెనక గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతున్న మోత వినిపిస్తూనే ఉంది. రొయ్యలకు గాలి అందాలని నీళ్లను చిలికే రెక్కల చక్రాలవి. ఆ చుట్టుపక్కల రాత్రంతా ఆ మోత మామూలే కనుక నేను దాని గురించి ఆలోచించలేదు. వింతేమంటే భయం రాలేదు. ఎన్ని గంటలు మిగిలాయో లెక్కపెట్టలేదు. నా డ్యూటీ మేలుకోవడం, నేను మేలుకున్నాను, అంతే. తెల్లవారుజామునే మొదటి బస్సుకు షాపుకు వెళ్లి కౌంటరులో నిలబడ్డాను. ప్రతి మందూ రెండుసార్లు చూసి ఇచ్చాను.

షాపు కట్టేసి మళ్లీ చీకటి పడ్డాకే వచ్చాను. రెండో రాత్రీ అదే చాప, అదే మోత. ఈసారి కాస్త చెవి పెట్టి విన్నాను. మూడు సాఫీగా తిరుగుతున్నాయి. నాలుగోదానికి రెక్క ఎక్కడో తగులుతున్నట్టు మధ్య మధ్యలో టక్కుమంటోంది. పదకొండు గంటలప్పుడు చిన్నమ్మ లేచి మంచినీళ్లు తాగింది. అంతవరకూ గుర్తుంది.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది. దిగ్గున లేచి కూర్చున్నాను. గుంటల దగ్గర కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయని ఈ వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిన్నమ్మను కుదిపి లేపాను.

"చిన్నమ్మా, ఏరియేటర్లు ఆగినాయి!"

ఆమె లేచి నా వైపు అలాగే చూసింది. "ఏ ఏరియేటర్లమ్మే? గుంటలు ఎండగట్టి రెండు నెలలాయె. మీ చిన్నాయన ఆస్పత్రిలో ఉండంగానే అన్నీ పీకి గట్టున పెట్టించినాం."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. ఫోన్ తీసి చూస్తే నాలుగుంబావు.

నాకు వెన్నులో చలి పుట్టి ఉండాల్సింది. పుట్టలేదు. నా బుర్రలో తిరుగుతున్నది వేరే. మోత ఆగితే మెలకువ వచ్చింది. మెలకువ రావాలంటే ముందు నిద్రపోయి ఉండాలి కదా! పదకొండు నుంచి నాలుగుంబావు దాకా, మాత్ర లేకుండా, పొడి లేకుండా, ఐదు గంటలు! గట్టిగా నవ్వేశాను. ఆ ఇంట్లో ఆ సమయంలో నవ్వు. చిన్నమ్మ భయపడి లైటేసింది. "నిద్రపోయినాను చిన్నమ్మా, నిద్రపోయినాను," అంటూ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

తెలతెలవారుతుండగా ఇద్దరం వెనక్కి వెళ్లాం. గుంటలు ఎండి బీటలు వారి ఉన్నాయి. చుట్టుపక్కల గుంటలు కూడా అంతే, ఆ వేసవిలో రొయ్యలకు జబ్బు తగిలి అందరూ ఎండగట్టేశారు. గట్టు మీద పట్టా కింద ఏరియేటర్లు పేర్చి ఉన్నాయి. లెక్కపెట్టాను, నాలుగు.

"ఒకటి టక్కు టక్కుమంటా ఉండె," అన్నాను.

చిన్నమ్మ పట్టా ఎత్తింది. చివరిదాని రెక్క ఒకటి విరిగి, తీగతో కట్టి ఉంది. దాని మీద చెయ్యి వేసి ఆ తీగను తడిమింది. "రేపు చేపిస్తా, మాపు చేపిస్తా అంటానే ఉన్నాడు మీ చిన్నాయన," అంది. తర్వాత మెల్లగా అడిగింది, "నాకెందుకు వినపళ్లేదమ్మే?"

నేను పట్టా అందుకుని మళ్లీ కప్పాను.

డాక్టరు గారికి చెప్పాను. మాత్రలు మానే రోజుల్లో లేని శబ్దాలు వినిపించడం కొందరిలో ఉంటుందన్నారు. ఒప్పుకుంటాను. విరిగిన రెక్క సంగతి అడిగితే ఆయన నవ్వి, తర్వాతి పేషంటును పిలిచారు. సముద్రం అక్కడికి దగ్గరే, దాని మోతేమో అన్నారు మా ఆయన. సముద్రం ఉన్నట్టుండి ఆగదు కదా.

మాత్ర ముట్టుకోక ఇప్పటికి ఏడాదిన్నర దాటింది. నిద్ర పట్టని రాత్రులు నాకూ ఉంటాయి. లేచి కూర్చుంటాను, బట్టలు మడత పెడతాను, వచ్చినప్పుడు పడుకుంటాను. అరచేతులు పొడిగానే ఉంటాయి. నేనే చేసుకున్న అలవాటును నేనే వదిలించుకున్నాను. ఈ మాట ఎవరి ముందైనా తలెత్తి చెప్పగలను.

చిన్నమ్మ మాత్రం వదల్లేదు. మళ్లీ వినపడితే తనను లేపమని పిలుస్తూనే ఉంది. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను. అదే గది, అదే చాప, మోత లేదు. పోయినసారి తెల్లారి లేచేసరికి ఆమె మంచం మీద కూర్చునే ఉంది. రాత్రంతా పడుకోలేదు.

"ఏమన్నా వినపడిందా చిన్నమ్మా?"

"నీ గురక వినపడింది," అంది. "మంచి నిద్ర. లేపబుద్ధి కాలేదు."

ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ మోత ఏమిటో, నా చెవినే ఎందుకు పడిందో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె కోసమైనా ఇంకొక్కసారి వినాలని ఉంది. ఏం చేయను, పడుకుంటే నిద్ర పట్టేస్తోంది.