పెళ్ళిముసుగు కట్టిన జాడీ

పేషా ఊరి పైనున్న గట్ల మీద దియనోరా పేరు చెబితే మగవాళ్ళు నవ్వేవారు, ఆడవాళ్ళు అసూయపడేవారు. నవ్వుకు కారణం ఆమె నోరు. అసూయకు కారణం ఆమె ఒంటి వేడి. ఏటా చలి తగ్గగానే పట్టుపురుగుల గుడ్లను చిన్న గుడ్డసంచిలో కట్టి, రవికలో గుండెల మధ్య పెట్టుకుని పొదిగేది అక్కడి ఆడవాళ్ళే. చాలామంది దగ్గర సగం గుడ్లు పిల్లలయ్యేవి, సగం ఎండిపోయేవి. దియనోరా పొదిగితే అన్నీ ఒక్కసారే కదిలేవి. అందుకే భూస్వామి ఒత్తావియానో దొర తన కౌలుదార్లందరిలోకీ మేలురకం గుడ్లు ఆమెకే పంపేవాడు.

పొదిగే రోజుల్లో ఆమె బతుకు బతుకు కాదు. వంగకూడదు, గట్టిగా పిండి పిసక్కూడదు, పడుకుంటే గోడకు ఆనుకుని కూర్చునే పడుకోవాలి. అన్నిటికన్నా ఘోరం, కోపం తెచ్చుకోకూడదు. కోపమొస్తే ఒళ్ళు కాగిపోయి లోపలి గుడ్లు ఉడికిపోతాయని అత్తగారు పోతూపోతూ చెప్పి మరీ పోయింది. ఏడాదంతా చల్లగా ఉండే మనుషులు కూడా సరిగ్గా ఆ రోజులు చూసుకునే తనకు కోపం తెప్పిస్తారని దియనోరా నమ్మకం. అది ఉత్త నమ్మకం కాదని ఆ ఏడు తేలిపోయింది.

మొదట మరిది వచ్చాడు. పేరు సాంతీ. ఫ్లోరెన్సులో ఒక మందుల దుకాణంలో కల్వంలో దినుసులు నూరడానికి కుదిరి, కొన్నేళ్ళు అక్కడి పండితుల మాటలు విని, బుర్ర నిండా వాటినే నింపుకుని తిరిగొచ్చాడు. గాలికి బరువుందన్నాడు. జంతువు ఒళ్ళంటే మీటలూ గొట్టాలూ అమర్చిన యంత్రమన్నాడు. తిరిగేది భూమేనన్నాడు, ఆ మాట మాత్రం కిటికీ మూసి చెప్పాడు. పెద్దవాళ్ళు చెప్పారనో, పుస్తకంలో ఉందనో దేన్నీ ఒప్పుకోకూడదట, స్వయంగా చేసి కళ్ళతో చూడాలట. ఆ చూడటమేదో తన సొంత సామానుతో చూస్తే ఎవరికీ బాధ లేకపోను. బరువైనదీ తేలికైనదీ ఒకేసారి నేల తాకుతాయో లేదో చూడటానికి అటక మీద నుంచి వదినగారి జున్నుముద్దనూ, ఉల్లిపాయనూ కలిపి వదిలాడు. కలిసే పడ్డాయి. జున్ను ముక్కలు ఏరుకున్నది మాత్రం దియనోరా ఒక్కతే.

"కోపం తెచ్చుకోకు వదినా, గుడ్లున్నాయి," అన్నాడు పైనుంచి.

ఆమె పళ్ళు బిగబట్టి, మేరీమాతను తలుచుకుని, ఊపిరి మెల్లగా వదిలింది.

ఆ తరువాత దొర వచ్చాడు. రెండేళ్ళుగా పట్టు సరిగ్గా దిగడం లేదు. పురుగులు ఆకు మానేసి, నల్లబడి, గూడు కట్టకుండానే చస్తున్నాయి. విత్తనం, అంటే గుడ్ల జాతే, ముసలిదైపోయిందని దొర తేల్చాడు. కొత్త విత్తనం పుట్టించే మార్గం ఆయనకు ఒక పాత లాటిన్ పుస్తకంలో దొరికింది. లేగదూడకు మల్బరీ ఆకు తప్ప మరేమీ పెట్టకుండా కొన్నాళ్ళు మేపాలి. తరువాత దాన్ని కోసి, మాంసాన్ని పీపాలో పెట్టి కుళ్ళబెట్టాలి. ఆ కుళ్ళులోంచి బలమైన పట్టుపురుగులు పుట్టుకొస్తాయి. ఇంత తెలివైన మార్గం ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదేమని ఆయన తెగ ఆశ్చర్యపోయాడు. కొట్టంలో ఉన్న దూడ ఆయన కంటపడింది.

దాని పేరు నొచ్చోలా. అక్కడ ఆవుల చేతే దున్నిస్తారు. తల్లి ఆవు ముసలిదైంది, ఇంకో రెండేళ్ళు నాగలి లాగితే గొప్ప. దాని తరువాత కాడి మెడకెత్తుకోవలసింది ఈ దూడే. అది లేకపోతే పొలం దున్నే దిక్కు లేదు, దున్నని కౌలుదారును దొరే వెళ్ళగొడతాడు. ఈ సంగతి దొరకు తెలియదా అంటే తెలుసు. కానీ పుస్తకం చదివే కళ్ళకు పొలం ఆనదు కదా.

దియనోరా భర్త బస్తియానో మంచివాడు. అంటే దొర ఏమన్నా సరేననేవాడు. దొర అటు వెళ్ళగానే భార్య ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"దూడలో సగం మనది, సగం ఆయనది, అదేగా కౌలు ఒప్పందం?" అంది దియనోరా, గొంతు పెరగకుండా జాగ్రత్తపడుతూ. "ఆయన సగాన్ని ఆయన్ని కోసుకోమను. నా సగం నాకు కొట్టంలో నిలబడి ఉండాలి."

"అట్లా ఎట్లా కుదురుతుందే?"

"అది నన్నడుగుతావేం? పోయి ఆయన పుస్తకాన్నడుగు."

ఇక్కడ సాంతీ అడ్డుపడ్డాడు. కుళ్ళులోంచి పురుగు పుట్టడం వట్టిమాటనీ, ఈగ వాలి గుడ్డు పెడితేనే పురుగొస్తుందనీ, ఈమధ్యే ఫ్లోరెన్సులో ఒక వైద్యుడు చేసి చూపించాడనీ అన్నాడు. దొర ఇంటికి పోయి ఆ మాటే చెప్పాడు. వాదనంటే దొరకు పండగ. మంచిది, మొదట ఎద్దుమాంసంతో చూద్దామన్నాడు. రెండు జాడీలు. ఒకటి తెరిచి పెట్టాలి, ఇంకోదానికి గాలి ఆడేంత పలచని గుడ్డ కట్టాలి. గుడ్డ కట్టినదాంట్లో పురుగు పుట్టకపోతే దూడ బతుకుతుంది, పుడితే పీపాలోకి పోతుంది. ఆ తీర్పు వచ్చేదాకా దూడను ఆకు మీదే మేపుతూ ఉండాలని కూడా ఆజ్ఞ వేశాడు.

అప్పటికి మల్బరీ చెట్లు అప్పుడప్పుడే చిగురిస్తున్నాయి. పుట్టబోయే పురుగులకు దాచుకోవలసిన లేత చిగుళ్ళు దూడ నోట్లోకి పోతున్నాయి. అది వాటిని ఇష్టంగా నములుతూ ఆమె వంక చూసేది. దాన్ని తిట్టాలో, నిమరాలో తెలిసేది కాదు దియనోరాకు. ఇక ఆ పలచని గుడ్డ సంగతి. ఈగ దూరకుండా, గాలి ఆగకుండా ఉండే గుడ్డ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, ఆమె పెళ్ళినాటి పట్టు ముసుగు. దాన్ని పట్టుకెళ్ళి కుళ్ళుమాంసం జాడీ మూతికి కట్టాడు సాంతీ. జాడీలు రెండూ వంటగది అరుగు మీద పెట్టాడు, రోజూ చూడటానికి వీలుగా ఉంటుందట. ఆ కంపుకు పిల్లి కూడా ఇల్లు వదిలి పోయింది. ఇంట్లో రొట్టె కాల్చుకోవాలంటే ముక్కు మూసుకోవాలి, ముక్కు మూసుకుంటే పిండి కలపడానికి ఒక చెయ్యే మిగులుతుంది. దియనోరాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పరిశుద్ధ మార్కు పండగ వచ్చింది. ఆ రోజు గుడ్లు పొదిగే ఆడవాళ్ళందరూ రవికల్లో సంచులతోనే గుడికి వెళ్ళి పాదిరీగారి చేత దీవెన పొందుతారు. తలకు పెళ్ళిముసుగు వేసుకునే వెళ్ళాలి. మామూలు గుడ్డతో పోతే పురుగులు గూడు కట్టవని ఒక మాటుంది, అంతకన్నా ముఖ్యంగా పక్కింటి ఆడవాళ్ళ నోళ్ళున్నాయి. పొద్దున్నే సాంతీ, బస్తియానో పొలానికి పోయారు. దియనోరా జాడీ మూతికున్న ముసుగు విప్పింది. ఉతికి, గాలికి ఆరబెట్టి, లావెండరు కొమ్మలతో రుద్ది, వేసుకుని గుడికి పోయింది. మధ్యాహ్నం వచ్చి మళ్ళీ ఎట్లా ఉన్నదో అట్లాగే కట్టేసింది. ఒక పూటలో ఏమవుతుందిలే అనుకుంది. ఇంకా చెప్పాలంటే ఆ జాడీ గురించి ఏమీ అనుకోలేదు. మగవాళ్ళకు పనిలేక పెట్టుకున్న ఆట అది, ఆమెకు బోలెడు పనుంది.

తీర్పు రోజున దొర రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. తెరిచిన జాడీలో తెల్లపురుగులు లుకలుకలాడుతున్నాయి. సాంతీ ధీమాగా రెండో జాడీ ముసుగు విప్పాడు. అందులోనూ లుకలుకలాడుతున్నాయి.

దొర ముఖం వెలిగిపోయింది. సాంతీ ముఖంలో రక్తం లేదు. జాడీని వెలుతురుకు తిప్పి చూసి, దొర చెప్పిందే నిజమేమోనన్నాడు. కళ్ళకు కనపడింది కాదనలేనన్నాడు. దియనోరాకు ఒళ్ళు మండింది. దూడను కాపాడతానని బయల్దేరినవాడు, కాస్త గట్టిగా నిలబడి వాదించాల్సింది పోయి, కనపడింది కనపడిందంటూ కత్తి దొర చేతికి ఇస్తున్నాడు. ఇదేం సత్యం, ఇదెవరికి కావాలి?

సాంతీ చివరికి అడిగాడు. "వదినా, మధ్యలో ఈ గుడ్డ ఎవరన్నా విప్పారా?"

"విప్పాను. పండక్కి పోవద్దూ? మళ్ళీ కట్టేశానుగా."

ఆ పూటే ఈగలు వాలి గుడ్లు పెట్టి ఉంటాయని సాంతీ తల పట్టుకున్నాడు. పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలని దొరను బతిమాలాడు. దొర నవ్వాడు. ఓడిపోయాక సాకులు వెతుక్కోవడం సహజమేనన్నాడు. చిగురు ముదిరిపోతే దూడ తిన్న ఆకంతా వృథా అవుతుంది గనుక, రేపే కోయించమని బస్తియానోకు చెప్పాడు. బస్తియానో అలవాటు కొద్దీ సరేనన్నాడు.

ఆ సరేతో దియనోరాలో ఇన్నాళ్ళూ అదిమిపెట్టుకున్నది కాస్తా పొంగింది. గుడ్లు ఉడికితే ఉడకనీ అనుకుంది. రవికలో చెయ్యి పెట్టి సంచి బయటికి తీసింది, పొయ్యి దగ్గరికి నడిచి మంట మీదికి చెయ్యి చాపింది.

"దొరగారూ, దూడలోంచి బలమైన పురుగులు పుడతాయని మీకు నమ్మకమేనా?"

"పుస్తకంలో స్పష్టంగా ఉంది," అన్నాడు దొర, కళ్ళు సంచి మీద నిలిపి.

"అయితే ఈ ముసలి విత్తనం మనకెందుకు? పారేస్తాను. మీరు ఊ అనండి చాలు."

"ఒసేయ్, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు బస్తియానో. ఆ సంచి పోతే ఆ ఏడు తమకూ తిండి లేదు.

దియనోరా మొగుడి వైపు చూడనైనా లేదు. దొర ఊ అనలేదంటే సరి, ఊ అన్నాడంటే పారేయాల్సిందే, ఆ సంగతి ఆమెకు తెలుసు. కొత్తవి వచ్చేదాకా పాతవి ఉంచడం వివేకమన్నాడు దొర. ఎందుకుంచాలని ఆమె అడిగింది. దానికి ఆయన పుస్తకంలో జవాబున్నట్టు లేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దూడ విషయం వచ్చే ఏడు ఆలోచిద్దామని, ఎవరి వంకా చూడకుండా గుమ్మం దాటాడు.

ఆమె సంచి మళ్ళీ రవికలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారనుకునేలోపు సాంతీ గొంతు సవరించుకున్నాడు.

"దూడ బతికింది గానీ వదినా, కుళ్ళులో పురుగు దానంతటది పుట్టదని మాత్రం తేలలేదు."

చేతికందిన చెక్క గరిటె అతని వైపు విసిరింది. అయితే ఆ మాట గరిటెతో పాటు అవతల పడలేదు, ఆమె చెవిలోనే ఉండిపోయింది. గుడ్లు పిల్లలయ్యాయి. పురుగులు ఈసారి ఫరవాలేదనిపించేలా ఎదిగి, రాత్రింబవళ్ళు ఆకు నమిలాయి. ఆకు తరుగుతూ, తట్టలు మోస్తూ కూడా ఆమె అదే ఆలోచించింది. చివరికి ఒకనాడు ఎవరూ అడగకుండా తానే ఎద్దుమాంసం తెచ్చింది. జాడీలో వేసి, మూతికి ముసుగు కట్టి, పురికొసతో ముడి మీద ముడి వేసింది. దొరకు కబురు పంపితే, చంద్రుణ్ణి చూసే గొట్టం ఒకటి కొన్నాననీ, ఈ పురుగుల గొడవకు ఇప్పుడు తీరిక లేదనీ తిరుగు కబురొచ్చింది. దూడ ప్రాణం మీదికి తెచ్చి, నెల తిరక్కుండా మరిచిపోయే మనిషిని ఏమనాలో ఆమె నోటికే తోచలేదు.

ప్రభువు దేహోత్సవం ఊరేగింపు వచ్చింది. ముసుగు జాడీకే వదిలేసి, పిండి జల్లించే గుడ్డ తలకు చుట్టుకుని బయల్దేరింది. దారి పొడుగునా ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకున్నారు. దియనోరా పెళ్ళిముసుగు తాకట్టు పెట్టారేమోనని ఒకామె, మరిదికి పట్టిన పిచ్చి వదినకు అంటిందేమోనని ఇంకొకామె. ఆమెకు కోపం తెచ్చుకోవడానికి ఇప్పుడు ఏ అడ్డూ లేదు, అయినా ఎవరికీ జవాబు చెప్పకుండా నడిచింది.

సాంతీ చాలన్న రోజున ముడులన్నీ తానే విప్పింది. మాంసం నల్లగా, జిగటగా, నీరు కారుతూ ఉంది. కంపు కళ్ళలో నీళ్ళు తెప్పించింది. కర్రతో అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క పురుగు లేదు. సాంతీ చిన్నపిల్లాడిలా గెంతాడు. గెలిచాం వదినా అన్నాడు. ఇంతకీ ఏం గెలిచామని బస్తియానో అడిగాడు.

దియనోరా కర్ర కింద పెట్టి అరుగు మీద కూర్చుంది.

"అయితే ఆవేళ దూడను పీపాలోకి తోయబోయింది దొర కాదు, నేను."

"నీకు తెలియదు కదా వదినా."

"తెలియకపోవడం కాదురా. నా తలకు బాగుంటుందని విప్పాను. ఏమవుతుందిలే అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నానో."

సాంతీ ముసుగు ఉతికి పెడతానని చేతిలోకి తీసుకున్నాడు. ఆమె దాన్ని లాక్కుని, మళ్ళీ జాడీకి కట్టేసింది. ఇంకా కొన్నాళ్ళు చూద్దామంది. అక్కడినుంచి లేచి కొట్టంలోకి పోయి, దూడ మెడ చుట్టూ చేతులు వేసి, గట్టు కింది ఇళ్ళకు వినపడేలా దాన్ని తిట్టింది. తిడుతూనే ఏడ్చింది. దూడ చెవులు ఆడించుకుంటూ ఆమె తలగుడ్డ అంచు నమలసాగింది.