సీసాలో పులికూన

మ్యావిస్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. టాస్మానియా కొండల కింద గొర్రెల మంద పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొచ్చిన మనిషి. మాట కరుకు, మనసు దొడ్డది. ఆమె వంటింటి అలమారులో జామ్ సీసాల పక్కన ఇంకో సీసా ఉండేది. అందులో అరచేయంత చారల పులికూన, కళ్లు కూడా తెరవనిది. చారల పులి అంటే మన పులి కాదు, వీపు మీద చారలతో కుక్కలా ఉండి, కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని మోసే జంతువు.

దాని కథ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. తొమ్మిదేళ్లప్పుడు నాన్నతో ఉచ్చులు చూడడానికి వెళ్లింది. వల్లబీల కోసం, అంటే చిన్న కంగారూల కోసం, పన్నిన ఉచ్చులో పులి పడి ఉంది. ముందు పరుగెత్తింది తనే, ముందు చూసిందీ తనే. అది గుర్రుమనలేదు, గింజుకోలేదు, ఊరికే చూస్తూ ఉంది. ఉచ్చుముడి సడలించడం ఆమెకు వచ్చు. అయినా "నాన్నా, పులి!" అని కేకేసింది. నాన్న దుడ్డుకర్రతో వచ్చాడు. గొర్రెలవాడు పులిని వదులుతాడా? దాని పొట్టసంచిలో కూన దొరికితే సారాయిలో వేసి దాచాడు. ఆ తర్వాత ఆ కొండల్లో పులిని చూసినవాళ్లు లేరు, కొన్నాళ్లకు ఆ జాతే అంతరించింది. పాపం మ్యావిస్, ఆ ఒక్క కేకని డెబ్బై ఏళ్లు మోసింది.

అందుకే, సారాయిలో దాచిన పాత కూనల నుంచి చారల పులిని మళ్లీ పుట్టించాలని చూస్తున్నామంటూ హెలెనా అనే శాస్త్రవేత్త పట్నం నుంచి ఫోన్ చేస్తే, మ్యావిస్ ఇల్లంతా కడిగి పండగ చేసుకుంది. హెలెనా వచ్చిన రోజు పక్క పొలం కెల్విన్ కూడా పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

"ఏమే మ్యావిస్, నీకు మతిగానీ పోయిందా? అది వస్తే ముందు నా గొర్రెపిల్లల్నే తింటుంది."

"నీ గొర్రెపిల్లల్ని తినేది నీ కుక్కలేరా సన్నాసీ! నింద మాత్రం దాని మీద."

"సరే, అడవంతా కొట్టేశాం కదా, వచ్చి ఎక్కడుంటుంది? నీ వంటింట్లోనా? వేట నేర్పే తల్లి ఏది దానికి?"

మ్యావిస్ హెలెనా వైపు చూసింది.

"ఆయనన్నదీ నిజమేనమ్మా," అంది హెలెనా. "చచ్చినవాటిని తేగలిగితే ఉన్నవాటిని గాలికొదిలేస్తారేమోనని నాకూ భయమే. కానీ పోగొట్టింది మనం కదా."

"అదీ మాట! కొండ మీది బీడు మొత్తం దానికి వదిలేస్తాను. రానీ ముందు."

"ఆలూ లేదు, చూలూ లేదు..." అని గొణిగాడు కెల్విన్.

హెలెనా సీసా మూత తీసి, చటుక్కున ముఖం పక్కకు తిప్పుకుంది.

"ఇది సారాయి కాదే!"

"సారాయి ఎప్పుడో ఇగిరిపోయిందమ్మా. కూన తల బయటపడింది. కుళ్లిపోతుందని నేనే నింపాను, గొర్రెల గిట్టపుండుకి వాడే మందుతో. ఫార్మలిన్. షెడ్డులో డ్రమ్ము నిండా ఉంది, ఇంకా కావాలా?"

హెలెనా మూత మళ్లీ బిగించింది. మెల్లగా చెప్పింది: సారాయిలో ఉన్నన్నాళ్లూ కణాల్లోని వంశ సమాచారం బతికే ఉంటుంది. ఫార్మలిన్‌లో రూపం నిలుస్తుంది, లోపలిదంతా తునకలైపోతుంది. "దీంతో ఇక ఏమీ చేయలేమమ్మా."

"అయ్యో! కాపాడుకుందామనే పోశాను తల్లీ," అంది మ్యావిస్. "నాన్న పెద్దదాన్ని చంపాడు. మిగిలినదాన్ని నేను చంపుకున్నానా?"

ఎంత వేళాకోళం మనిషైనా కెల్విన్ లేచి, సీసాని తీసుకెళ్లి జామ్ సీసాల పక్కన మళ్లీ పెట్టాడు.

మర్నాడు గిట్టలకు మందు పెట్టే రోజు. గొర్రెలు తొట్టి దగ్గర బారులు తీరాయి. మ్యావిస్ డ్రమ్ము మూత తీసింది. ఘాటు ముక్కుకు తగలగానే మూత మళ్లీ పెట్టేసింది. కెల్విన్ వచ్చి డ్రమ్ము అందుకున్నాడు.

"నేను పోస్తాలేవే, నువ్వు పక్కకు జరుగు. అయ్యాక మందని కొండ మీది బీడుకి తోలనా? గడ్డి బాగుంది."

"అటు తోలకు."

"ఎవరొస్తారనే ఇంకా?"

"ఎవరూ రారు," అంది మ్యావిస్. "అయినా తోలకు."