పరీక్షకు పిల్లి, పాఠానికి పులి

మా మేడ మీద ఉండే టీచరమ్మ పోయారు. పొద్దున్నే అమ్మ పాలు పొయ్యి మీద పెడుతూ, "పాపా, టీచరమ్మ నిద్దర్లోనే పోయినాదంట" అంది. కింది వాటా పిల్ల ఎంత ఏడవాలో అంతే ఏడ్చాను. రోజూ సాయంత్రం ఆరిన బట్టలు తెస్తానని చెప్పి పైకెళ్లి ఆమె గదిలో కూర్చునేదాన్నని ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీరు ఆమె గొంతు వినుండరు. చిత్తూరులో బడి నుంచి రిటైరయ్యాక, చూపు లేని పిల్లల కోసం తెలుగు పాఠాలు చదివి కంప్యూటర్‌లో రికార్డు చేసేవారు. నాది ఇంగ్లీషు మీడియం. తెలుగు పైకి చదివితే క్లాసులో నవ్వుతారని భయం. ఆ సంగతి ఆమె ఒక్కరికే చెప్పాను. ఆమె ఓదార్చలేదు. మైకు ముందుకు కుర్చీ జరిపి, "కూర్చో మే. ఈడ నవ్వేదానికి ఎవురుండారు? ఫ్యాను కూడా ఆపేసినా" అన్నారు. తన గాజులు పైకి తోసి, చప్పుడు కాకుండా రుమాలు కట్టుకున్నారు. నా చేతికీ ఒకటి కట్టారు.

మాట్లాడుతుంటే తెర మీద ఆకుపచ్చ గీత లేస్తుంది. ఎరుపును తాకిందంటే రికార్డులో గొంతు పగిలిపోతుంది. అందుకే పాఠానికి ముందు కొంచెం చదివి, మైకు ఎంత పెట్టాలో పరీక్ష చేసుకోవాలి. నేను గుసగుసగా చదివాను. గీత లేవలేదని మైకు బాగా పెంచేశాను. తీరా పాఠంలో కాపలావాడు "దొంగ! దొంగ!" అనే చోట నన్ను నేను మరిచి అరిచాను. వింటే అంతా గరగర. వెనకాల మామిడికాయల లారీ హారన్ మాత్రం చక్కగా వినిపించింది.

టీచరమ్మ కళ్లద్దాలు తీసి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. "పరీక్షకు పిల్లి, పాఠానికి పులి! మైకు పెంచితే వీధి కూడా పెరగతాది మే. యాడ గట్టిగా అరస్తావో ఆ మాట ముందు సదువు. దానికి సరిపెట్టు. గుసగుసకు సరిపెట్టుకుంటే, గొంతు లేచిన దినం ఎట్ల?"

కర్మ అయ్యాక ఆమె కూతురు మెట్ల మీద నన్ను ఆపి గది తాళం చేతిలో పెట్టింది. "చివరి పాఠం మిగిలిపోయినాది. పిల్లోళ్లకు పరీక్షలొచ్చేసినాయి. నువ్వు సదువుతావని అమ్మ చెప్పిండాది. ఎవురికీ చెప్పొద్దనింది, చెప్పలేదులే."

నిన్న సాయంత్రం వెళ్లాను. ఫ్యాను ఆపాను. రుమాలు కట్టుకున్నాను. ఆ పాఠంలో, ఏటి ఒడ్డున ఒక ముసలాయన పడవవాణ్ణి పిలుస్తాడు. అన్నిటికంటే గట్టి మాట అదే. కింద అమ్మ వంటింట్లో ఉంది. గుసగుసగా చదివి సరిపెట్టుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట దగ్గర గొంతు లేస్తే పాఠం పగిలిపోతుంది.

"పడవ ఆపయ్యా!" అని అరిచాను.

గీత లేచి, ఎరుపు కింద ఆగింది.

"ఎవురు మే అది?" కింద నుంచి అమ్మ. "నేనేనమ్మా" అన్నాను. మెట్ల మీద అడుగులు. తలుపు దగ్గర ఆగి, మైకును చూసింది, నా చేతి రుమాలు చూసింది. నేను చదవడం మొదలుపెట్టాను. పాఠం అయ్యేదాకా అమ్మ గడపలోనే నిలబడింది, ఒక చేతి గాజులను రెండో చేత్తో గట్టిగా పట్టుకుని.